వెనక సీటు కింద మూడు గంటలు: కారు ఫ్యూయల్ పంపు ఇంట్లో మార్చుకున్న అనుభవం

కిందటి మార్చిలో ఒక ఆదివారం ఉదయం విశాఖపట్నం నుంచి అరకు బయలుదేరాం. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాటేదాకా కారు ఎప్పటిలాగే నడిచింది. బొడ్డవర దాటి ఘాట్ రోడ్డు ఎక్కడం మొదలుపెట్టాక మాత్రం, మూడో గేరులో యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి లాగలేదు. వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు కుంగిపోతూ వచ్చింది. రెండో గేరుకు దించితే కొంత దూరం ఎక్కింది, తైడ దగ్గర ఒక మలుపులో ఇంజను పూర్తిగా ఆగిపోయింది. వెనక వచ్చే బస్సుకు చేయి చూపించి, చక్రాల కింద రాళ్లు పెట్టి, పావుగంట ఆగాక మళ్లీ సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టే స్టార్టయింది. పిల్లలను వెంటబెట్టుకుని ఆ దారిలో ఇంకో మలుపు ఎక్కే ధైర్యం లేక అక్కడి నుంచే వెనక్కి తిరిగాం.

మాది పదమూడేళ్ల నాటి చిన్న పెట్రోలు కారు, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. అంతకు ముందు రెండు నెలల నుంచే ఉదయం పూట స్టార్టు కావడానికి నాలుగైదు సెకన్లు ఎక్కువ పడుతోందని గమనించాను గాని, బ్యాటరీ పాతబడిందని సరిపెట్టుకున్నాను. అరకు నుంచి వెనక్కి వచ్చిన మర్నాడు కారును ఒక వర్క్‌షాపుకు తీసుకువెళితే ప్లగ్గులు మార్చి, ఇంజనులోకి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీ శుభ్రం చేసి, నాలుగు వేల రెండు వందలు తీసుకున్నారు. వారం తిరగకముందే ఎన్‌ఏడీ కూడలి ఫ్లైఓవర్ ఎక్కుతుంటే అదే కుంగుడు మళ్లీ వచ్చింది. పెట్రోలు ప్రెషర్ కొలిచారా అని అడిగితే, ఆ అవసరం రాలేదని చెప్పారు. ఆ మాట విన్నాక ఈ పనిని నేనే కొలిచి, నేనే తేల్చుకోవాలని నిర్ణయించుకున్నాను. ట్యాంకు నుంచి ఇంజనుకు పెట్రోలు తోసే పంపును మార్చడం కన్నా, తప్పు ఆ పంపులోనే ఉందని తేల్చుకోవడమే అసలు పని అని ఆ తర్వాతి రోజులు నాకు నేర్పాయి.

ఈ తరహా కార్లలో పెట్రోలు పంపు ట్యాంకు లోపలే, పెట్రోలులో మునిగి ఉంటుంది. అది ఒక చిన్న కరెంటు మోటారు. దానికి చల్లదనం ఇచ్చేదీ, అరగకుండా కాపాడేదీ చుట్టూ ఉన్న పెట్రోలే. తాళం తిప్పి ఆన్ చేయగానే ఈసీయూ, అంటే ఇంజనును నడిపించే కంప్యూటరు, రెండు సెకన్ల పాటు పంపును నడిపి, ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకు వెళ్లే గొట్టంలో ఒత్తిడి నింపుతుంది. నిశ్శబ్దంగా ఉన్న చోట వెనక సీటు దగ్గర చెవి పెడితే ఆ రెండు సెకన్లూ సన్నగా గుయ్‌మనే శబ్దం వినిపిస్తుంది. నా కారులో ఆ శబ్దం వినిపిస్తూనే ఉంది, అయితే తెల్లవారుజామున ఒక రకంగా, మధ్యాహ్నం ఎండలో గంట నడిపి ఆపాక మరో రకంగా, కీచుమంటూ వినిపించేది. శబ్దం వస్తోంది కాబట్టి పంపు బాగున్నట్టేనని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. తిరిగే పంపు ఒత్తిడి కూడా ఇస్తోందా లేదా అన్నది గేజ్ పెట్టి చూస్తే తప్ప తెలియదు.

మా వీధి చివర నలభై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్న మెకానిక్‌ను మేమంతా బాబాయి అని పిలుస్తాం. ఆయన దగ్గర ప్రెషర్ గేజ్, దాన్ని గొట్టం మధ్యలో కలిపే మూడు దారుల జాయింటు ఉన్నాయి. సంగతి చెప్పగానే, "పంపు కొనకు బాబూ, ముందు వోల్టు చూడు, ఆ తర్వాత గేజ్ చూడు, అప్పుడు కొను" అని అవి చేతిలో పెట్టారు. నేను ముందుగా గేజ్ మీదే ఆత్రపడ్డాను. ఆయన చెప్పిన వరుస ఎందుకో తర్వాత అర్థమైంది.

నా కారు సర్వీసు పుస్తకం ప్రకారం ఇంజెక్టర్ల గొట్టంలో ఒత్తిడి 3 బార్లకు దగ్గరగా ఉండాలి. పంపుకు కరెంటు కలిపే స్విచ్చు లాంటి రిలేను పీకి, దాని సాకెట్టులో 10 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న వైరుతో రెండు కాళ్లు కలిపి పంపును ఆగకుండా నడిపిస్తే, గేజ్ ముల్లు మెల్లగా పాకి 1.8 దగ్గర నిలిచిపోయింది. పంపు ఆపగానే అర నిమిషంలో సున్నాకు పడిపోయింది. ఈ పడిపోవడం ఇంజెక్టర్ కారడం వల్ల కావచ్చు, ట్యాంకు వైపు నుంచి కావచ్చు. గేజ్ జాయింటుకు ఉన్న రబ్బరు గొట్టాన్ని ఇంజను వైపున క్లాంపుతో నొక్కిపెట్టి మళ్లీ చూశాను. అప్పుడూ అంతే వేగంగా పడిపోయింది కాబట్టి లోపం ట్యాంకు వైపునే ఉన్నట్టు తేలింది. పంపు ఆగాక పెట్రోలును వెనక్కి పోనివ్వకుండా పట్టి ఉంచాల్సిన చెక్ వాల్వు పని చేయడం లేదన్నమాట. ఉదయాన్నే అన్నిసార్లు సెల్ఫ్ కొట్టాల్సి రావడానికి కారణం అదే.

ఇక్కడితో ఆగి పంపు కొనేయాలనిపించింది. కాని బాబాయి చెప్పిన వోల్టుల మాట మిగిలి ఉంది. వెనక సీటు లేపి, పంపు కనెక్టర్ వెనక నుంచి మల్టీమీటరు సూదులు గుచ్చి, పంపు నడుస్తుండగా చూస్తే 10.2 వోల్టులే కనిపించాయి. అదే సమయంలో బ్యాటరీ దగ్గర 12.3 ఉన్నాయి. రెండు వోల్టులకు పైగా దారిలోనే పోతున్నాయి. బ్యాటరీ నెగటివ్ నుంచి పంపు ఎర్త్ వైరు (కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లే తీగ) దాకా పొడవాటి వైరు వేసి కొలిస్తే ఒక్క ఆ వైపే 1.6 వోల్టులు తినేస్తోంది. ఆ ఎర్త్ వైరు సీటు పక్కన బాడీ రేకుకు ఒక బోల్టుతో బిగించి ఉంది. బోల్టు విప్పితే దాని కింద వాషరు పచ్చబడి, రేకు మీద తుప్పు పొర కట్టి ఉంది. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో కారు పెట్టుకున్నవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, కొత్త వాషరు వేసి బిగించాక పంపు దగ్గర 11.7 వోల్టులు వచ్చాయి.

ఒత్తిడి మాత్రం 1.8 నుంచి 2.1కి పెరిగి ఆగిపోయింది. అప్పుడు గాని పంపు బలహీనపడిందని నేను నమ్మలేదు. ఎర్త్ సంగతి చూసుకోకుండా కొత్త పంపు బిగించి ఉంటే, అది కూడా పది వోల్టుల మీద ఈడ్చుకుంటూ నడిచి, కొత్త పంపు కూడా బాగోలేదని నేను దాన్ని నిందించి ఉండేవాణ్ణి.

పంపు కొనడంలో ఒక పొరపాటు జరిగింది. కారు పేరు, సంవత్సరం చెప్పి ఒక విడిభాగాల దుకాణంలో తెచ్చిన పంపు అసెంబ్లీ చూడటానికి సరిగ్గా అలాగే ఉంది, కనెక్టర్ కూడా అదే. కాని ట్యాంకు మీద మూత తీసి పాత అసెంబ్లీ నెత్తిన అచ్చువేసి ఉన్న నంబరు టార్చి వెలుగులో చదివితే, చివరి రెండు అంకెలు వేరుగా ఉన్నాయి. పాతదాన్ని విప్పకముందే కొత్తదాన్ని వెనక్కి ఇచ్చి, నంబరు రాసుకువెళ్లి సరైనది తెచ్చుకున్నాను. మోటారు ఒక్కటే కొంటే రెండు వేల లోపే అయ్యేది. అయితే నా కారులో ఫిల్టరు, ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటరు, పెట్రోలు ఎంత ఉందో మీటరుకు చెప్పే ఫ్లోటు అన్నీ ఒకే అసెంబ్లీలో ఉన్నాయి. పదమూడేళ్ల ఫిల్టరుకు కొత్త మోటారు తగిలించడం నాకు సమ్మతం కాలేదు. ఆరు వేల ఎనిమిది వందలు పెట్టి మొత్తం అసెంబ్లీ తీసుకున్నాను. దానితో పాటు ట్యాంకు నోటికి వేసే కొత్త రబ్బరు రింగు తప్పనిసరిగా తీసుకోవాలి. పాత రింగు ఏళ్ల తరబడి పెట్రోలులో నాని ఉబ్బి ఉంటుంది. ఒకసారి బయటికి తీస్తే మళ్లీ గాడిలో కూర్చోదు.

పని ఒక సెలవు రోజు తెల్లవారి ఆరు గంటలకు, ఇంటి ముందు ఆరుబయట మొదలుపెట్టాను. షెడ్డులో గాని, సెల్లార్‌లో గాని ఈ పని చేయకూడదు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, నేల వెంట పాకి పల్లంలో చేరుతుంది. సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకునేంత ఆవిరిని పెట్రోలు వదులుతుంది కాబట్టి, మన ఊళ్ల ఎండలో దాని సంగతి చెప్పనవసరం లేదు. కారు తలుపులు, డిక్కీ అన్నీ బార్లా తెరిచాను. సెల్‌ఫోన్లు ఇంట్లో పెట్టేశాను. పొడి రసాయనంతో పని చేసే అగ్నిమాపక సిలిండరు ఒకటి, ఇసుక బకెట్టు ఒకటి చేతికి అందేంత దూరంలో ఉంచి, మా అబ్బాయిని వాటి దగ్గర నిలబెట్టాను. నీళ్ల బకెట్టు తెస్తానన్నాడు. పెట్రోలు నీటి మీద తేలి మంటను మరింత పరుస్తుందని చెప్పి వద్దన్నాను. మా ఆవిడ రోజూ ఆ వేళకు తులసికోట దగ్గర దీపం పెడుతుంది. తులసికోట కారుకు పది అడుగుల దూరంలోనే ఉంది. ఆ రోజు దీపం సాయంత్రానికి వాయిదా వేసుకుంది. ఇలాంటి చిన్న సంగతులు ముందురోజే ఇంట్లో చెప్పి ఉంచాలి. ఒంటి మీద నైలాన్ బట్టలు లేకుండా నూలు చొక్కా, నూలు ప్యాంటు వేసుకున్నాను.

ట్యాంకులో పెట్రోలు పావు వంతు కన్నా తక్కువ ఉండేలా అంతకు ముందు వారం రోజులు చూసుకున్నాను. ముందుగా పంపు రిలే పీకేసి ఇంజను స్టార్టు చేస్తే, గొట్టంలో మిగిలిన పెట్రోలు కాల్చుకుని కొన్ని సెకన్లలో ఆగిపోయింది. మరో రెండుసార్లు సెల్ఫ్ కొట్టి, గొట్టంలో ఒత్తిడి పోయిందని రూఢి చేసుకున్నాకే బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి పక్కకు కట్టాను. వెనక సీటు మెత్త తీసి, దాని కింద నాలుగు స్క్రూల రేకు మూత విప్పాను. ట్యాంకు నెత్తిన వేలు మందాన దుమ్ము పేరుకుని ఉంది. దాన్ని ఇంట్లోని వాక్యూమ్ క్లీనరుతో లాగేసి, బ్రష్షుతో తుడిచి, తడిగుడ్డతో రెండుసార్లు అద్దాను. ఇదంతా గొట్టాలు విప్పకముందే, పెట్రోలు వాసన లేనప్పుడే చేయాలి. వాక్యూమ్ మోటారులో నిప్పురవ్వలు పుడతాయి. గొట్టాలు విప్పడం మొదలయ్యాక దాన్ని ఇంట్లోకి పంపేశాను. టార్చి కూడా ముందే వెలిగించి పక్కన పెట్టాను, ఆవిరి మధ్య స్విచ్చు నొక్కే అవసరం రాకుండా.

గొట్టపు కనెక్టర్‌కు రెండు వైపులా చిన్న ప్లాస్టిక్ చెవులు ఉంటాయి. గుడ్డ చుట్టి, చెవులు నొక్కి, ముందుగా గొట్టాన్ని కొంచెం లోపలికి తోసి, ఆ తర్వాత వెనక్కి లాగితే వస్తుంది. ముందే లాగితే దుమ్ముతో బిగిసిన చెవులు విరుగుతాయి. రెండు మూడు చెంచాల పెట్రోలు గుడ్డలోకి కారింది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకున్నది లాక్ రింగు. అరచేయి కన్నా వెడల్పైన ప్లాస్టిక్ చక్రం అది, చుట్టూ గాడులు, లోపల మరలు. దానికి ప్రత్యేకమైన పనిముట్టు ఉంది, నా దగ్గర లేదు. ఇనుప ఉలి, సుత్తి పెట్టి కొట్టడం చాలామంది చేసే పనే గాని, తెరుచుకోబోతున్న పెట్రోలు ట్యాంకు మీద ఇనుముతో ఇనుమును కొట్టడం నేను ఒప్పుకోను. మాకు తెలిసిన వడ్రంగి చేత జానెడు టేకు ముక్క ఒకటి, దాని కొస రింగు గాడిలో ఇమిడేలా చెక్కించుకున్నాను. రింగు ఎక్కడ ఆగి ఉందో తెలిసేలా రింగు మీదా, దానికి ఎదురుగా ట్యాంకు మీదా మార్కరుతో గీతలు గీసి, చెక్కను గాడిలో ఆనించి చెక్క సుత్తితో తట్టాను. ఒకే చోట కొడితే రింగు పక్కకు వాలి మరింత బిగుసుకుంటుంది, అందుకని ఒకసారి ఇటు, ఒకసారి అటు. పదిహేను నిమిషాల దాకా కదలలేదు. ఆ తర్వాత టక్కుమని ఒక శబ్దం, గీతకూ గీతకూ మధ్య గోరంత ఎడం వచ్చింది. అక్కడి నుంచి చేత్తోనే తిరిగింది.

అసెంబ్లీని నేరుగా పైకి లాగకూడదు. పక్కకు చాచి ఉన్న ఫ్లోటు కడ్డీ ట్యాంకు నోటికి తగిలి వంగితే, మీటరులో పెట్రోలు ఎప్పుడూ తప్పుగానే కనిపిస్తుంది. కొంచెం లేపి, ఒక పక్కకు వాల్చి, కడ్డీ ఏ వైపు ఉందో చూసుకుంటూ పసిబిడ్డను ఎత్తినట్టు బయటికి తీశాను. దాని అడుగున ఉండే గిన్నెలో అర లీటరు దాకా పెట్రోలు నిలిచి ఉంటుంది. ఈ సంగతి తెలియకపోతే అది కారు కార్పెట్ మీద ఒలికి, నెలల తరబడి వాసన వదలదు. నేను ముందే పక్కన పెట్టుకున్న లోహపు పళ్లెంలోకి వంచాను. పెట్రోలుతో పాటు నల్లటి మడ్డి జారింది. అడుగున ఉన్న తెల్లటి జల్లెడ సంచి కాఫీ వడగట్టిన గుడ్డలా ముదురు గోధుమ రంగుకు తిరిగి ఉంది. పంపు సరిపడా పెట్రోలు పీల్చుకోలేక ఎండలో కీచుమనడానికి కారణం ఎదురుగానే కనిపించింది.

ట్యాంకులోకి టార్చి వేస్తే, అడుగున ఒక మూల నీటి బొట్లు పాదరసంలా విడిగా కదులుతున్నాయి. వాటినీ, మడ్డినీ చేతి పంపుతో లాగేశాను. నోటితో గొట్టం పెట్టి లాగడం మన దగ్గర ఇప్పటికీ చూస్తుంటాం. ఒక్క గుటక ఊపిరితిత్తుల్లోకి పోయినా ప్రాణం మీదికి వస్తుంది, ఆ పని ఎవరూ చేయవద్దు. లాగిన పెట్రోలును బిర్రుగా మూత పడే లోహపు డబ్బాలో పోసి, పని అయ్యాక బాబాయి షెడ్డుకు అప్పగించాను. నీళ్ల సీసాల్లో పోసి ఇంట్లో ఉంచడం ప్రమాదం.

కొత్తది దించేటప్పుడు పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి ఎత్తు, గొట్టం మూతులు, ఫ్లోటు కడ్డీ వంపు ఒకటేనా అని చూసుకున్నాను. కొత్త రబ్బరు రింగును ముందుగా ట్యాంకు నోటి గాడిలో కూర్చోబెట్టి, దాని మీద ఒక చుక్క ఇంజను ఆయిలు రాసి, అసెంబ్లీ మీది బాణం గుర్తు ట్యాంకు మీది గుర్తుకు ఎదురుగా వచ్చేలా దించాను. లోపలి స్ప్రింగు దాన్ని పైకి తోస్తుంటుంది. మా అబ్బాయి రెండు అరచేతులతో సమంగా నొక్కిపెడితే, నేను లాక్ రింగును మొదట వెనక్కి పావు చుట్టు తిప్పి, మర కలిసిన చప్పుడు విన్నాకే ముందుకు తిప్పాను. "నాన్నా, రబ్బరు ఇటు బయటికి వస్తోంది" అని వాడు చెప్పకపోతే నేను చూసేవాణ్ణి కాదు. విప్పి మళ్లీ సర్ది బిగించాం. చివరికి మార్కరు గీతలు రెండూ కలిశాయి. గొట్టం కనెక్టర్ క్లిక్కుమన్నాక ఒకసారి వెనక్కి లాగి, ఊడి రావడం లేదని చూసుకోవాలి.

ఆవిరి అంతా పోయేదాకా అరగంట కారును తలుపులు తీసి వదిలేసి, ఆ తర్వాత బ్యాటరీ తీగ తగిలించాను. వెంటనే స్టార్టు చేయకుండా, తాళం నాలుగుసార్లు ఆన్ చేసి ఆపుతూ గొట్టాలు నింపాను. ప్రతిసారీ మా అబ్బాయి కనెక్టర్ చుట్టూ తెల్ల కాగితం తిప్పి తడి ఉందేమో చూశాడు. గేజ్ ముల్లు రెండో తిప్పుకే 3 దగ్గరికి వెళ్లి అక్కడే నిలిచింది. ఆపి పది నిమిషాల తర్వాత చూసినా 2.8 దగ్గర ఉంది. ఇంజను మొదటి సెల్ఫ్‌కే అందుకుంది.

సీటు మాత్రం ఆ రోజు పెట్టలేదు. రబ్బరు రింగు ట్యాంకు నెత్తిన ఉంటుంది, పెట్రోలు అడుగున ఉంటుంది. పావు ట్యాంకుతో పరీక్షిస్తే రింగు సరిగా కూర్చోకపోయినా లీకు బయటపడదు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు, గట్టిగా బ్రేకు వేసినప్పుడే పెట్రోలు అక్కడిదాకా వస్తుంది. మర్నాడు ఫుల్ ట్యాంకు కొట్టించి, ఊళ్లో ఇరవై కిలోమీటర్లు తిప్పి, కాగితం మళ్లీ తిప్పి చూశాకే రేకు మూత వేశాను.

కొన్ని కొత్త కార్లలో ఇంజను దగ్గర మరో పంపు ఉంటుంది. దాని ఒత్తిడి వంద బార్లు దాటుతుంది, చర్మాన్ని చీల్చేంత బలం అది. అలాంటి కారైనా, ట్యాంకు కిందికి దించితే తప్ప పంపు అందని కారైనా ఈ పనికి ఇంట్లో పూనుకోవద్దని నా మాట. నా కారులో మూత సీటు కిందే ఉంది కాబట్టి మూడు గంటల్లో అయింది. కొలతలకు అంతకు ముందు రెండు రోజులు పట్టాయి.

వారం పాటు ఆరబెట్టాక పాత మోటారును రేకు కోసి విప్పాను. రెండు కార్బన్ బ్రష్షులలో ఒకటి బియ్యపు గింజంత మిగిలింది, రాగి వలయం మీద వేలికి తగిలేంత గాడి పడింది. మీటరు ముల్లు ఎర్రగీత దగ్గరికి చేరేదాకా నడపడం ఏళ్లుగా నాకున్న అలవాటు. ఆ గాడిలో దాని పాలు కూడా ఉంది. ఇప్పుడు పావు వంతుకు రాగానే బంకులో ఆగుతున్నాను.

ఏప్రిల్ మొదటి వారంలో మళ్లీ అదే దారిలో, ట్యాంకు నింపుకుని బయలుదేరాం. తైడ మలుపు మూడో గేరులోనే ఎక్కింది. అనంతగిరిలో టీ తాగడానికి ఆగినప్పుడు వెనక సీటు లేపి, మూత తీసి, లాక్ రింగు చుట్టూ వేలు తిప్పి చూశాను. పొడిగా ఉంది.